పామీరు తుర్దిబూబు

"ఇందులో ఎన్ని బతుకుతాయి?"

తుర్దిబూబు నాతో అన్న మొదటి మాట అది. 1987 ఫిబ్రవరి, ఎండలు ఇంకా తగ్గలేదు. సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో నేను నర్సుగా చేస్తున్న ప్రసూతి వార్డులో, పసిపిల్లల గది అద్దం ముందు నిలబడి ఉంది. పక్కన మాసిన దుప్పట్ల బండి. పొట్టి మనిషి. చలికీ ఎండకీ కమిలిన ఎర్రటి బుగ్గలు, సన్నటి కళ్లు, తలకు బిగించి కట్టుకున్న తెల్లగుడ్డ. లాండ్రీలో కొత్తగా చేరిన చైనా ఆవిడని మేమంతా అనుకుంటున్నాం. నా మొహం చూసి నాది ఏ దేశమో పోల్చుకుంది కాబోలు, ఉర్దూలో అడిగింది.

మాది పాలకొల్లు. నర్సింగు చదివిందీ, తర్వాత ఆరేళ్లు పనిచేసిందీ హైదరాబాదులో. అక్కడి పేషెంట్లు నేర్పిన ఉర్దూ నన్నింకా వదల్లేదు.

"అన్నీ బతుకుతాయి" అన్నాను.

అబద్ధాలకోరును చూసినట్టు చూసింది నన్ను. అద్దం మీద వేలు ఆనించి ఒక్కో ఉయ్యాలనూ లెక్కపెట్టింది.

"పదకొండు. పదకొండూనా?"

"పదకొండూ. ఈ వారంలో అందరూ ఇళ్లకెళ్లిపోతారు ఆపా."

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. వాళ్ల కిర్గిజ్ భాషలో ఆపా అంటే అమ్మట. నాకంటే ఓ పద్దెనిమిదేళ్లు పెద్దది. అక్కో అమ్మో మేమిద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు ఆపా.

ఆవిడకు ఏడు కాన్పులు. బతికి పెరిగినవాళ్లు ఇద్దరే. తర్వాత ఆ ఇద్దరిలోనూ ఒకరు పోయారు. ఈ సంగతి నాకు చెప్పడానికి ఆవిడకు నాలుగు నెలలు పట్టింది. ముందు టీ బ్రేకుల్లో కాస్త కాస్త, తర్వాత నా కారులో. ఆవిడ గిరావీన్‌లో కొడుకు తుర్సున్‌తో అద్దె ఇంట్లో ఉండేది. నా షిఫ్టు, ఆవిడ షిఫ్టు ఒకేసారి అయిపోయిన రోజుల్లో నేను దింపేదాన్ని. దిగేటప్పుడు ప్రతిసారీ లోపలికి రమ్మని పట్టుబట్టి, పాలూ ఉప్పూ వేసి కాచిన టీ ఇచ్చేది. మొదటిసారి మింగలేకపోయాను. ఏడాది తిరిగేసరికి చక్కెర టీ కంటే అదే బాగుందనిపించింది.

ఓ ఆదివారం ఆపాను, తుర్సున్‌ను భోజనానికి పిలిచాం. తినడం అయ్యాక మావారు ఐజాక్ మా జూడీ స్కూలు అట్లాసు తెచ్చి బల్ల మీద పరిచారు.

"మీ ఊరెక్కడో చూపించమను" అన్నారు.

ఆవిడకు చదువు రాదు. తుర్సున్ పుట చూసి, మ్యాపులో ఓ చోట తల్లి బొటనవేలు పట్టుకుని పెట్టాడు. ఐజాక్ వంగి చూశారు.

"ఇదేంటోయ్, ఆవిడ వేలి కింద నాలుగు దేశాలున్నాయి! అఫ్గానిస్తాన్, రష్యా, చైనా, పాకిస్తాన్. వీటిలో మీది ఏది?"

నేను ఉర్దూలో అడిగాను. ఆపా వేలు తీయలేదు.

"మా అమ్మమ్మ ఇటు పుట్టింది" అని వేలిని కాస్త పైకి జరిపింది. "అమ్మ అటు." కుడివైపుకు జరిపింది. "నేను మధ్యలో. మేం ఊళ్లు మారలేదు. గడ్డి ఎక్కడుంటే అక్కడికి వెళ్లాం. గీతలు తర్వాత వచ్చాయి."

"మమ్, వాట్ డిడ్ షీ సే?" అంది జూడీ.

నేను చెప్పాను. పన్నెండేళ్ల పిల్ల అట్లాసు తన వైపు లాక్కుని ఆ గీతల వెంబడి వేలు జరిపి చూసింది.

ఆ మధ్యాహ్నం ఆపా తన అమ్మమ్మ గురించి చెప్పింది. తమవాళ్లు పూర్వం ఎక్కడో ఉత్తరాన, అడవుల్లో, పెద్ద నది ఒడ్డున ఉండేవారని ఆ ముసలావిడ చెప్పేదట. ఆ నది పేరు ఏనేసాయ్. అంటే తల్లి ఏరు. మేమూ గోదారిని తల్లి అనే అంటామని చెబితే ఆపా తలూపింది, ఇంకేమని అంటారన్నట్టు. వెయ్యేళ్ల కింద ఆ నదిని వదిలి కొండల్లోకి వచ్చారు. గొర్రెలు, గుర్రాలు, ఉన్ని గుడారాలు. ఎండాకాలం పైకి, చలికాలం కిందికి. 1916లో రష్యా చక్రవర్తి ముందు గుర్రాలు తీసుకున్నాడు, తర్వాత యుద్ధంలో కందకాలు తవ్వడానికి మగవాళ్లను పంపమన్నాడు. జనం తిరగబడ్డారు. తుపాకులు వచ్చాయి. ఆలాయ్ కొండల నుంచి ఆమె అమ్మమ్మ నిండు చూలాలై గుర్రమెక్కి చైనా వైపు పారిపోయింది. కనుమ దాటుతుండగా మంచు పడింది. గుర్రాలు జారి లోయలో పడిపోతుంటే, వెనకవాళ్లు ముందువాళ్ల పేర్లు పెట్టి పిలుస్తూ నడిచారట, ఎవరు మిగిలారో తెలియడానికి.

"అవతలికి దిగాక మూడో రోజున అమ్మ పుట్టింది" అంది ఆపా. "ఆ బిడ్డను గొర్రె పొట్టలో పెట్టి వెచ్చగా ఉంచారు. అప్పుడే కోసిన గొర్రె."

చైనా వైపు కూడా యుద్ధాలు వచ్చాయి. అమ్మ పెళ్లయ్యాక వాళ్ల గుంపు పడమటికి మళ్లి అఫ్గానిస్తాన్ కొసనున్న చిన్న పామీరుకు చేరింది. పదమూడు వేల అడుగుల ఎత్తున చెట్టు మొలవని చోటు. ఆపా అక్కడే పుట్టింది, 1933 ప్రాంతంలో. రోజు తెలియదు. ఆస్ట్రేలియా వాళ్లు కాగితాల మీద జనవరి ఒకటి అని వేశారు. తుర్సున్‌దీ జనవరి ఒకటే.

చైనా సరిహద్దు మూసేసినప్పుడు ఆపాకు పదహారేళ్లు. పిన్ని అవతల ఉండిపోయింది. చలికాలం ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో కొండ అంచుకు వెళితే అటువైపు గుడారాల పొగ కనిపించేది. అందులో పిన్నిది ఏదో తెలిసేది కాదు. అయినా వాళ్లమ్మ ఏడాదికోసారి వెళ్లి చూసి వచ్చేది.

ఇదంతా చెప్పేటప్పుడు ఆపా గొంతులో బాధకంటే ఓ రకమైన జాగ్రత్త ఉండేది. ఇంట్లో సామాను లెక్క అప్పగిస్తున్నట్టు, ఏదీ వదలకుండా చెప్పేది.

1978 వసంతంలో కాబూల్‌లో ప్రభుత్వం మారింది. రష్యావాళ్లు వస్తారని తెగ పెద్ద భయపడ్డాడు. రష్యావాళ్ల దగ్గర నుంచి ఇదివరకు ఓసారి పారిపోయినవాళ్ల పిల్లలే వీళ్లంతా. పదమూడు వందల మంది, దొరికిన జడలబర్రెలూ గొర్రెలూ తోలుకుని, దక్షిణాన కనుమలు దాటి పాకిస్తాన్‌లో దిగారు. వాళ్లలో ఆపా, భర్త ఎర్గేష్, కొడుకు తుర్సున్, కూతురు సాలిమా, అల్లుడు.

గిల్గిత్ లోయలో ఎండ వాళ్లను తినేసింది. పుట్టి బుద్ధెరిగి అంత వేడి చూడని మనుషులు. నీళ్లు పడలేదు, జ్వరాలు పట్టుకున్నాయి. మొదటి వేసవిలోనే వందమంది దాకా పోయారు. ఎర్గేష్ జ్వరంతో తొమ్మిది రోజులు పడుకుని పోయాడు. సాలిమాకు అప్పుడు ఎనిమిదో నెల.

"మొహం ఉబ్బింది" అంది ఆపా. కారు గిరావీన్‌లో వాళ్లింటి ముందు ఆగి ఉంది. దిగకుండా చెప్పింది. "నీడపట్టున లేకపోవడం వల్ల అనుకున్నాను. తల పగిలిపోతోందంది. కళ్ల ముందు నిప్పురవ్వలు ఎగురుతున్నాయంది. ఎండ అనుకున్నాను. తర్వాత ఒళ్లు కొట్టుకుంది. ఆసుపత్రికి మోసుకెళ్లాం. అక్కడో డాక్టరమ్మ, మంచిది, కిటికీలు మూయించింది, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఒక రోజు ముందు తెస్తే అంది. ఒక్క రోజు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు కానీ, ఆ ఓదార్పు తన కోసం కాదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

1982లో టర్కీ ప్రభుత్వం వాళ్లను పిలిచింది. విమానాలు వచ్చాయి. ఆ వారం ఆపా టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంది. తుర్సున్ తల్లిని వదలనన్నాడు. చుట్టాలందరూ వెళ్లిపోయారు, వీళ్లిద్దరూ మిగిలారు. ఆపా కోలుకున్నాక ఓ ఆర్మీ ఆఫీసరు ఇంట్లో బట్టలుతికే పనిలో చేరింది. ఉర్దూ అక్కడే వచ్చింది. రెండేళ్లకు శరణార్థులుగా సిడ్నీ వచ్చారు. తుర్సున్ గొర్రెతోళ్ల బూట్లు కుట్టే ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. ఆపాకు తెలిసిన పని ఉతకడమే కనుక మా హాస్పిటల్ లాండ్రీకి దరఖాస్తు పెట్టుకుంది. ఈ ఊరి మొత్తంలో కిర్గిజ్ మాట్లాడే ఇల్లు వాళ్లకు తెలిసినంతలో వాళ్లదొక్కటే.

1989లో తుర్సున్ టర్కీ వెళ్లి, అక్కడి తమవాళ్లలోని గుల్జమాల్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. ఇరవై ఏళ్ల పిల్ల. మరుసటి ఏడాది కడుపుతో ఉంది. చెకప్‌లకు నేనే తీసుకెళ్లేదాన్ని. అంతా బాగానే ఉందనేవారు. బాగానే ఉంది కూడా.

జులైలో ఓ ఆదివారం. చర్చి నుంచి వచ్చాం. ఐజాక్ పెరట్లో చేపలు వేయిస్తున్నారు. ఫోన్ మోగింది. జూడీ తీసింది.

"మమ్! ఆపా. షీ సౌండ్స్ ఫన్నీ."

ఆపా గొంతులో తొందర లేదు. అదే నన్ను భయపెట్టింది.

"గుల్జమాల్ మొహం పొద్దున బాగుంది. ఇప్పుడు బాలేదు. తలనొప్పి. కళ్ల ముందు మెరుస్తోందంటోంది. నేను కిటికీలు మూసేశాను. ఎడమ పక్కకు తిప్పాను. తుర్సున్‌కు ఇవాళ కూడా పని, వెళ్లాడు. అంబులెన్సుకు ఇంగ్లీషులో ఏం చెప్పాలో నాకు తెలీదు. నువ్వు చెప్పు. నేను ఆమె దగ్గరికి వెళుతున్నాను."

పెట్టేసింది. నేను అంబులెన్సు నంబరు ట్రిపుల్ జీరోకి చేసి వాళ్ల అడ్రసు చెప్పాను. ఎప్రన్‌తోనే కారెక్కాను.

"ఏవండీ, పొయ్యి కట్టేయండి, తుర్సున్ ఫ్యాక్టరీకి ఫోన్ చేయండి!" అని అరిచినట్టు గుర్తు.

నేనూ అంబులెన్సూ ఒకేసారి చేరాం. తలుపు బార్లా తెరిచి ఉంది. గది చీకటిగా ఉంది. ఆపా కోడలి తల దగ్గర నేల మీద కూర్చుని, ఏదో చిన్నగా పాడుతోంది. అంబులెన్సు అతను బీపీ చూసి నా వైపు తిరిగాడు. నూట ఎనభై మీద నూట ఇరవై.

తర్వాత గంటన్నర నేను చెప్పగలిగింది తక్కువ. ఇంజెక్షన్లు, సంతకాలు, పరుగులు. ముప్పై మూడో వారంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నేను ఆ రోజు డ్యూటీలో లేను కాబట్టి వరండాలో ఆపాతో ఉన్నాను. కుర్చీలున్నాయి, కూర్చోలేదు. నీళ్లిస్తే తాగలేదు. తుర్సున్ ఫ్యాక్టరీ బట్టలతో పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి మొహం చూసి, ఆవిడ పక్కన గోడకు ఆనుకున్నాడు.

డాక్టరు బయటికొచ్చి, ఆడపిల్ల, కిలో ఏడువందల యాభై గ్రాములు, తనే ఊపిరి తీసుకుంటోంది అంది. నేను ఉర్దూలో చెప్పాను.

"గుల్జమాల్?" అంది ఆపా.

"బాగుంది. ఫిట్స్ రాలేదు. రెండు రోజులు జాగ్రత్తగా చూస్తారు."

అప్పుడు కూర్చుంది. కుర్చీలో కాదు, నేల మీద.

ఆ డాక్టరు తెల్లావిడ, పొడుగాటి మనిషి. ఎవరు గుర్తుపట్టారని అడిగింది. నేను ఆపాను చూపించాను. ఆవిడ నేల మీదే కూర్చుని ఉన్న ఆపా పక్కన మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో చెయ్యి పట్టుకుంది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పింది. ఆ మాటలు నేను తర్జుమా చేయలేదు. ఆపాకు అక్కర్లేదు.

"ఈ జబ్బుకు పేరుందా?" అని మాత్రం నన్ను అడిగింది.

"మా వైపు గుర్రపువాతం అంటారు ఆపా."

గుర్రం అన్న మాట విని కాస్త కోపంగా చూసింది. "గుర్రాన్ని ఎందుకంటారు? గుర్రం మంచిది."

అంతసేపటి తర్వాత నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

బిడ్డ ఇరవై నాలుగు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంది. ఆపా ప్రతి రోజూ షిఫ్టు అవగానే వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆ రంధ్రంలోంచి ఒక వేలు పెట్టి పిల్ల అరికాలుకు ఆనించి నిలబడేది. పేరు రాయాల్సిన కాగితం గుల్జమాల్ మంచం పక్కనే పడి ఉంది. పేరు పెట్టాల్సింది నానమ్మే అని కొడుకూ కోడలూ ఇద్దరూ అన్నారు.

"మీలో పేర్లెలా పెడతారు?" అని అడిగాను.

"ముందు పుట్టినవాళ్లు పోతుంటే, తర్వాత వచ్చిన బిడ్డకు నిలిచే పేరు పెడతాం. నేను తుర్దిబూబు. నిలిచింది అని. నాకు ముందు ఒకరు పుట్టి పోయారు. వీడు తుర్సున్. అంటే నిలవనీ అని. దేవుణ్ని అడుక్కోవడం."

నేను మా నాన్న సంగతి చెప్పాను. చర్చి రిజిస్టరులో ఆయన పేరు ఆశీర్వాదం. కానీ ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారని మా నానమ్మ ఆయన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని, పెంటయ్య అని పిలిచింది. చావుకు కూడా వద్దనిపించే పేరు. చనిపోయేదాకా ఊళ్లో అందరికీ ఆయన పెంటయ్యే.

ఆపా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మర్నాడు వచ్చి చెప్పింది.

"దీన్ని దాచక్కర్లేదు. దీని కోసం బతిమాలుకోనక్కర్లేదు. అందంగా ఉందని పైకే చెప్పొచ్చు. ఐసులూ అని రాయి."

జాబిల్లిలాంటి అందగత్తె అని అర్థమట. వాళ్ల ఇంట్లో నాలుగు తరాలలో మొదటిసారి, బిడ్డ పేరులో భయం లేదు. కాగితం మీద ఆ అక్షరాలు నేనే రాశాను.

ఈ సంగతి ఎలా పాకిందో, దగ్గర్లోని పేట ఆబర్న్‌లో ఉండే అఫ్గాన్, టర్కీ ఆడవాళ్లకు తెలిసింది. వాళ్లలో చాలామంది మగ డాక్టరు ఉంటాడని, భాష రాదని చెకప్‌లకు వచ్చేవాళ్లు కాదు. ఆపా వాళ్ల ఇళ్లకు బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. ఇంట్లోకి వెళ్లగానే ముందు కాళ్లు చూసేది, తర్వాత కనురెప్పల కింద. మంగళవారాలు గర్భిణులను చూసే యాంటీనేటల్ క్లినిక్‌కు ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చేది. లాండ్రీ సూపర్‌వైజరు ఆవిడకు మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు మార్చి ఇచ్చాడు. ఎవరూ ఆవిడకు బిరుదేమీ ఇవ్వలేదు. క్లినిక్ వాళ్లు కిటికీ పక్కన ఓ కుర్చీ వేశారు, అంతే. ఇంగ్లీషులో ఆవిడ నేర్చుకున్నదంతా ఆ కుర్చీ దగ్గరే, బీపీ అంకెలతోనే. "వన్ టెన్, వెరీ గుడ్. వన్ ఫార్టీ, నో గుడ్, కమ్ టుమారో." అర్థం కాని విషయం ఉంటే సిగ్గుపడకుండా నర్సు కొంగు పట్టుకున్నట్టు యూనిఫాం అంచు పట్టుకుని ఆపేది. ముప్పై ఏళ్ల సర్వీసున్న మా సిస్టర్ కూడా ఆ వేళ్లకు ఆగేది.

చదువురాని మనిషి, తన జీవితంలోకెల్లా చెడ్డ రోజును అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకుని, దాన్ని పదిమందికి పనికొచ్చేలా చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు. నేనయితే ఆ రోజును మరిచిపోవడానికి ప్రయత్నించేదాన్ని.

1991 సెప్టెంబరు మొదట్లో నేను వాళ్లింట్లో ఉండగా తుర్సున్ రేడియో వార్త విని లోపలికొచ్చాడు. వాడు కిర్గిజ్‌లో అన్నది నాకు అర్థం కాలేదు. ఆపా ఐసులూకు అన్నం పెడుతోంది. చెయ్యి ఆగింది.

"ఏమైంది?" అన్నాను.

"రష్యా నుంచి కిర్గిజిస్తాన్ విడిపోయిందట ఆంటీ. మా పేరుతో దేశం" అన్నాడు తుర్సున్. వాడి మొహం వెలిగిపోతోంది. "అమ్మను తీసుకెళ్తాను. ఎప్పటికైనా అక్కడికే."

ఆపా వాణ్ని చూసి మెల్లగా అంది. "అమ్మమ్మ విని ఉండాల్సింది." ఆవిడ అమ్మమ్మ పేరు పైకి పలికింది. నాకు ఆ పేరు చెప్పడం అదే మొదటిసారి. సెయిల్. తర్వాత ఐసులూ నోట్లో ముద్ద పెట్టి అడిగింది.

"అక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్లు ఎవరున్నారు?"

తుర్సున్ ఐసులూ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మనవాళ్లు బతికున్న చోటికి తీసుకెళ్లు. ముందు అది" అంది.

1993 జనవరిలో ఆపా టర్కీ వెళ్లింది, వాన్ దగ్గర తమవాళ్లకు కట్టించి ఇచ్చిన ఊరికి. పదేళ్లయింది వాళ్లను చూసి. మూడు నెలలుంటుందని టికెట్ తీశారు. అక్కడ మంచు, గొర్రెలు, తన భాష, చెల్లెలు వరసయ్యే ముసలివాళ్లు ఎనిమిది మంది. ఇక రాదనే అనుకున్నాను. వస్తే బాగుండునని అనుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు.

ఆరు వారాలకే తిరిగొచ్చింది. విమానాశ్రయానికి నేనూ వెళ్లాను. రెండు సంచుల నిండా ఉన్ని, ఎండబెట్టిన పెరుగు ఉండలు. మనిషి కాస్త సన్నబడింది, బుగ్గలు మళ్లీ ఎర్రగా కమిలాయి.

"ఏమైంది ఆపా, ఎందుకింత తొందరగా?" అన్నాను. "ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు. ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బాగా తిన్నాను. కొండలు చూశాను." సంచి నా చేతికిచ్చింది. "ఆబర్న్‌లో ఆ అఫ్గాన్ హజారా పిల్ల ఉంది కదా, మార్చి మొదట్లో కాన్పు. పోయినసారి వన్ థర్టీ ఫైవ్. దగ్గరుంటానని చెప్పాను."

తుర్సున్ కారు తాళాలు తీశాడు. ముందు ఇంటికి వెళ్లి పడుకో, పొద్దున వెళ్లొచ్చులే అన్నాడు.

ఆపా వెనక సీట్లో కూర్చుని తలగుడ్డ సరిచేసుకుంది. "ఆబర్న్ మీదుగా పోనీ" అంది.